ఆక్యుపంక్చర్‌కు వెళ్లేముందు: చూడాల్సినవి, చెప్పాల్సినవి

మెడనొప్పి, నడుంనొప్పి, మైగ్రేన్... మాత్రలు మింగీ మింగీ విసిగిపోయినవాళ్లు ఆక్యుపంక్చర్ (ఒంటి మీద సన్నని సూదులు గుచ్చే చికిత్స) వైపు చూడటంలో తప్పేమీ లేదు. బ్రిటన్‌లో చికిత్సల మంచిచెడ్డలు తేల్చే నైస్ సంస్థ, కారణం ఫలానా అని తేలని దీర్ఘకాలపు నొప్పికి దీన్ని పరిశీలించవచ్చని 2021లో చెప్పింది. అదే సంస్థ నడుంనొప్పికి వద్దని 2016లో, కీళ్ల అరుగుదలకు వద్దని 2022లో చెప్పింది. అందుకే షుగరు నుంచి సంతానలేమి దాకా అన్నిటికీ ఇదే మందు అనే బోర్డు కనిపిస్తే ఆ మెట్లు ఎక్కకపోవడమే మేలు.

ప్రమాదం మాటకొస్తే, సరైన చేతుల్లో ఇది చాలావరకు భద్రమైనదే. జర్మనీలో 2,29,000 మందికి పైగా రోగులను గమనించిన అధ్యయనం 2009లో వచ్చింది. వందలో తొమ్మిది మందికి కాస్త అటూఇటూగా ఏదో ఒక ఇబ్బంది కలిగింది. అందులో ఎక్కువ భాగం చిన్నపాటి రక్తం, కమిలిన మచ్చ. ఊపిరితిత్తి దెబ్బతిన్న కేసులు రెండే. కానీ అక్కడ సూది పట్టినవాళ్లంతా శిక్షణ పొందిన డాక్టర్లు. కమ్యూనిటీ హాల్లో ఆదివారం పెట్టే ఉచిత శిబిరానికి ఆ లెక్క వర్తించదు.

అన్నిటికన్నా భయపడాల్సింది ఆ ఊపిరితిత్తి సంగతికే. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు మెడ, భుజాలు పట్టేశాయని వెళ్తారు. సూదులు పడేదీ అక్కడే: మెడకూ భుజానికీ మధ్య కండలో, రెక్క ఎముకల నడుమ. సన్నగా ఉన్నవాళ్లలో ఆ చోట చర్మానికీ ఊపిరితిత్తి పొరకూ మధ్య దూరం రెండు సెంటీమీటర్లు కూడా ఉండకపోవచ్చు. సూది లోతుగా దిగితే పొరకు చిల్లుపడి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది. దీన్నే న్యూమోథోరాక్స్ అంటారు. కాబట్టి వీపు పైభాగంలో, ఛాతీ మీద సూదిని నిటారుగా కాకుండా ఏటవాలుగా, పైపైనే గుచ్చుతారా అని ముందే అడగండి. ఆస్తమా, సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉంటే చెప్పండి. సూదులు ఉండగా దగ్గు వచ్చేలా ఉంటే వెంటనే పిలవండి, మీరై లేవకండి. ఫిజియోథెరపీలో పట్టేసిన కండలో సూది గుచ్చే డ్రై నీడ్లింగ్‌కూ ఇవే జాగ్రత్తలు.

ఈ గాయం అక్కడికక్కడే తెలియకపోవచ్చు. ఇంటికొచ్చాక, ఒక్కోసారి మర్నాడు, ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టుండటం, ఆయాసం, పొడిదగ్గు మొదలవుతాయి. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకోకండి. ఎమర్జెన్సీకి వెళ్లి, ఫలానా చోట సూదులు గుచ్చించుకున్నానని చెప్పండి. ఆ ఒక్క మాట చెబితే డాక్టరు ముందు ఎక్స్‌రే తీయిస్తారు.

సూది కొత్తదై ఉండాలి. సీలు వేసిన ప్యాకెట్‌ మీ ఎదుటే చింపాలి, గడువు తేదీ మీరే చూసుకోవాలి. "మీ సూదులు మీ పేరుతో డబ్బాలో దాస్తాం", "స్పిరిట్‌తో తుడుస్తాం", "మరిగిస్తాం" అంటే వద్దనేయండి. హెపటైటిస్ బి అంత తేలిగ్గా చావదు. వాడిన సూదులు గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో పడాలి. ఎన్ని గుచ్చారో అన్నీ తీశారో లేదో లెక్క అడగడానికి మొహమాటపడకండి. జుట్టులో ఒకటి ఉండిపోవడం వింతేమీ కాదు.

మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలుచన చేసే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా, గర్భం ఉన్నా (ఇంకా అనుమానమే అయినా సరే) నోరు విప్పండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు సూదులకు కరెంటు పెట్టే పద్ధతి వద్దు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవాళ్లు ఆ చేతికి గుచ్చనివ్వకూడదు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారితే, మూలికలు కాల్చి వేడి తగిలించే మోక్సా జోలికి పోవద్దు, కాలినా తెలియదు.

ఉపవాసం రోజున వెళ్లకండి. కార్తీక సోమవారమైనా, రంజాన్ నెలైనా, ఖాళీ కడుపుతో సూదులు పడితే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లున్నారు. తేలిగ్గా ఏదైనా తిని వెళ్లి, మొదటిసారి పడుకునే చేయించుకోండి. సూది పడ్డచోట బరువుగా, లాగినట్టు ఉండటం మామూలే. షాక్ కొట్టినట్టు జివ్వుమంటే ఓర్చుకోకుండా చెప్పేయండి.

ఇంగ్లీషు మందులన్నీ ఆపితేనే పనిచేస్తుందనేవాళ్లు కొందరుంటారు. నా దృష్టిలో సూది కన్నా ప్రమాదం ఈ మాటే. ఇన్సులిన్, ఫిట్స్ మాత్రలు, బీపీ మందులు రాసిచ్చిన డాక్టరు చెప్పకుండా ఒక్కపూట కూడా మానొద్దు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా సూదుల దగ్గరికి కాదు, స్ట్రోక్ (పక్షవాతం) చూసే ఆసుపత్రికి పరుగెత్తాలి. మెదడు నాళంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. నడుంనొప్పితో పాటు మూత్రం మీద పట్టు తప్పినా సూదుల దగ్గరికి కాదు, వెంటనే ఎమర్జెన్సీకే వెళ్లాలి.

ఇక చేసేవాళ్ల చదువు. పశ్చిమ బెంగాల్ 1996లోనే దీనికి చట్టం చేసింది, మహారాష్ట్రకు సొంత కౌన్సిల్ ఉంది. బోర్డు మీద పేరు ముందు "డాక్టర్" అని ఉంటే అది ఏ చదువుతో వచ్చిందో, సూది ఎక్కడ నేర్చుకున్నారో అడగండి. విసుక్కుంటే వేరేచోటు చూసుకోండి. పాతిక సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి. ఆరేడు సిట్టింగులకు నొప్పి కాస్తయినా తగ్గకపోతే ఆపేయండి. ఏ సిట్టింగు తర్వాతైనా గుచ్చినచోట ఎర్రగా వేడెక్కినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి.