కొరాపుట్ ఎర్రమన్ను మీద ట్రైల్ సైకిల్: నలుగురు కలిసి సరిచేసుకునే పద్ధతి

ఎక్కడో మెత్తటి అడవి మట్టి మీద తొక్కేవాళ్ళు రాసిన అంకెలు చూసి సైకిల్‌ను బిగించుకుంటే ఒడిశాలోని కొరాపుట్, రాయగడ కొండల్లో సగం పనే అవుతుంది. ఇక్కడ కొండ నెత్తిన లేటరైటు గట్టి పెంకులా కట్టి ఉంటుంది, దాని మీద శనగగింజలంత మొరం గుళ్ళు పరుచుకుని ఉంటాయి. కాస్త దిగితే పొరలు పొరలుగా రాలే ఖొండలైట్ రాయి. లోయలోకి వచ్చేసరికి జిగురు ఎర్రమన్ను, వరిగట్లు, గెడ్డలు. ఒకే దిగుడులో ఇవన్నీ తగులుతాయి. కాబట్టి సైకిల్‌ను దారి మీదే సరిచేయాలి, అదీ ఒంటరిగా కాదు. తొక్కుతున్న మనిషికి తన ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులకు దిగి లేచే భాగం) ఎంత దిగిందో, వెనక చక్రం ఎప్పుడు నేల వదిలిందో కనిపించదు. పది గజాల వెనక వచ్చే స్నేహితుడికి స్పష్టంగా కనిపిస్తుంది.

ముగ్గురు నలుగురు సరిపోతారు. మూడు నాలుగు వందల మీటర్ల వాలు ఒకటి ఎంచుకోండి. అందులో పాతుకున్న రాళ్ళు కొన్ని, వదులు మొరం మీద ఒక మలుపు, ఇంటి మెట్టంత ఎత్తున్న దిగుడు ఒకటి ఉండాలి. తిరిగి పైకి తోసుకు రావడానికి ఐదు నిమిషాలకు మించకూడదు. లేకపోతే మూడోసారికి ఓపిక పోతుంది, తొక్కే తీరు మారుతుంది, పోలికకు అర్థం ఉండదు. నీలగిరి తోటల్లో వాలు ఎంచుకోవద్దు. రాలిన బెరడు కింద పట్టు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది.

వెంట ఉండాల్సినవి: షాక్ పంపు, గాలి కొలిచే డిజిటల్ గేజ్, 2 నుంచి 8 మి.మీ. దాకా అలెన్ కీలు, టి25 కీ, టార్క్ రెంచ్, టేపు, నాలుగు జిప్ టైలు, నోటు పుస్తకం, పెన్సిల్. గేజ్ మాత్రం అందరికీ కలిపి ఒక్కటే వాడండి. రెండు గేజ్‌ల మధ్య 2–3 పి.ఎస్.ఐ. తేడా మామూలు. ట్రైల్ టైరుకు ఆ తేడా చాలా ఎక్కువ.

ఇంటి దగ్గర, బయల్దేరే ముందురోజు

ముందు బోల్టులు. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే ముక్క) ముందు పలక, స్టీరర్ (ఫోర్క్ పై గొట్టం) బోల్టులు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ను నొక్కే భాగం) బోల్టులు 6–8, పెడళ్ళు 35–40. భాగం మీదే అంకె చెక్కి ఉంటే దాన్నే పాటించండి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుందని కొత్తవాళ్ళకు ముందే చెప్పండి, క్రాంక్ మరలు పోయేది ఎక్కువగా అక్కడే. బ్రేక్ లీవర్ల క్లాంప్‌ను మరీ బిగించకండి. గట్టిగా తిప్పితే కదిలేలా ఉంచితే పడినప్పుడు లీవర్ పక్కకు తిరుగుతుంది, విరగదు.

హెడ్‌సెట్‌లో (ఫోర్క్ తిరిగే బేరింగుల్లో) ఆట ఉందేమో చూడాలంటే ముందు బ్రేక్ పట్టి, హ్యాండిల్‌ను ముందుకు వెనక్కు ఊపుతూ, ఫోర్క్ పైభాగం దగ్గర వేళ్ళు ఆనించండి. టక్‌టక్ తగిలితే స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పై బోల్టును ఆట పోయేంతవరకే తిప్పి, ఆ తర్వాత పక్క బోల్టులు బిగించాలి. చాలామంది పక్కవి వదులు చేయకుండా పైదాన్నే తిప్పుతూ పోతారు. అప్పుడు బోల్టు పాడవుతుంది గానీ ఆట పోదు.

సీటు ఎత్తుకు సులువైన కొలత ఉంది. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే మోకాలు పూర్తిగా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు సరిగ్గా కొంచెం వంగుతుంది. అది ఎక్కుడు ఎత్తు. దిగుడుకు 5–8 సెం.మీ. దించాలి. డ్రాపర్ (మీట నొక్కితే దిగే సీటు గొట్టం) లేనివాళ్ళు సీటు గొట్టం మీద రెండుచోట్ల రంగు టేపు చుట్టుకుంటే కొండమీద అంచనా వేసుకోనక్కర్లేదు.

గొలుసు, గేర్ల సంగతి క్లుప్తంగా. గొలుసు అరుగుదల గేజ్ మీద 11, 12 గేర్లకు 0.5 శాతం, అంతకన్నా తక్కువ గేర్లకు 0.75 శాతం దాటితే మార్చేయండి. మార్చకపోతే వెనక క్యాసెట్ (పళ్ళచక్రాల గుత్తి) కూడా కొనాల్సివస్తుంది. నూనె ప్రతి రోలర్‌కు ఒక చుక్క వేసి, పది నిమిషాలాగి, బయట తడి లేకుండా తుడవండి. బయట మిగిలిన నూనెకు ఎర్రదుమ్ము అంటుకుని గరుకు కాగితంలా గొలుసును అరగదీస్తుంది. గేరు కేబుల్ ఎంత సర్దినా పెద్ద పళ్ళచక్రం దగ్గర గొలుసు తడబడుతుంటే డిరైలర్ హ్యాంగర్ (గేరు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు తగిలించే చిన్న ముక్క) వంగిందేమో చూడండి. వెనకనుంచి చూసినప్పుడు డిరైలర్ చిన్న చక్రాలు రెండూ పైనున్న పళ్ళచక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి.

ఫోర్క్: మొదటి పని సాగ్

మీరు ఎక్కి నిలబడగానే, మీ బరువుకే ఫోర్క్ దిగే దిగుడును సాగ్ అంటారు. ఫోర్క్‌కు మొత్తం ప్రయాణంలో 15–20 శాతం, వెనక షాక్‌కు 25–30 శాతం. 120 మి.మీ. ఫోర్క్‌కు అది 18–24 మి.మీ. వెనక షాక్‌ను చక్రం కదిలే దూరంతో కాదు, షాక్ రాడ్డు కదిలే దూరంతో లెక్కించాలి. 50 మి.మీ. స్ట్రోక్ అయితే 12.5–15 మి.మీ.

హెల్మెట్, బూట్లు, నిండు నీళ్ళ సంచి అన్నీ వేసుకునే కొలవండి. మూడు లీటర్ల నీళ్ళంటే మూడు కిలోలు. లాకౌట్ (ఫోర్క్ కదలకుండా బిగించే మీట) తీసేసి ఉండాలి. ఒకరు వెనక నుంచి సీటు పట్టుకుంటే మీరు పెడళ్ళ మీద నిలబడి, దిగుడులో ఎలా వంగుతారో అలా వంగి, రెండుమూడు సార్లు మెల్లగా ఊగి కదలకుండా ఆగండి. బ్రేక్ పట్టకూడదు. ఇంకొకరు ఫోర్క్ కాలి మీదున్న రబ్బరు రింగును సీల్ దాకా జరుపుతారు. రింగు లేకపోతే జిప్ టై వదులుగా కట్టండి, కొలిచాక తీసేయండి. మీరు కుదుపు లేకుండా దిగాక సీల్‌కూ రింగుకూ మధ్య దూరం టేపుతో కొలవాలి.

దిగుడు ఎక్కువైతే 5 పి.ఎస్.ఐ. పెంచి మళ్ళీ కొలవండి. గాలి మార్చిన ప్రతిసారీ ఫోర్క్‌ను పది సార్లు మెల్లగా నొక్కి వదలాలి. అప్పుడే లోపలి రెండు గదుల్లో గాలి సమానమవుతుంది, లేకపోతే కొలత తప్పుతుంది. షాక్ పంపు తీసేటప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడు పంపు గొట్టంలో మిగిలిన గాలిది, ఫోర్క్‌ది కాదు. మళ్ళీ తగిలిస్తే ఆ గొట్టం నిండడానికి ఫోర్క్ గాలే పోతుంది కాబట్టి గేజ్ తక్కువ చూపిస్తుంది. గాలి కారిపోతోందని కంగారుపడి ఎక్కువ కొట్టేయకండి.

మన దగ్గర ఎక్కువమంది తొక్కేది స్ప్రింగు ఫోర్క్ ఉన్న హార్డ్‌టెయిల్ (వెనక షాక్ లేని సైకిల్). దానికి ఎడమకాలి మీద తిప్పే ప్రీలోడ్ మూత ఉంటుంది. అది స్ప్రింగును గట్టిపరచదు, మొదటి దిగుడును మాత్రమే మారుస్తుంది. 55 కిలోల లోపు మనిషికి ప్రీలోడ్ పూర్తిగా వదిలినా సాగ్ రాకపోతే తప్పు సర్దుబాటుది కాదు, స్ప్రింగుది. ఆ ఫోర్క్‌కు మెత్తటి స్ప్రింగు దొరుకుతుందేమో చూడాలి. లేకపోతే ఉన్న ఫోర్క్‌తోనే, ముందు టైరులో గాలి కాస్త తగ్గించి తొక్కాలి.

నొక్కుకున్న ఫోర్క్ తిరిగి పైకి లేచే వేగం రీబౌండ్. దాని మూతను పూర్తిగా మూసి, ఎన్ని క్లిక్కులున్నాయో లెక్కబెడుతూ తెరిచి, సగం దగ్గర పెట్టి మొదలుపెట్టండి. వేగం ఎక్కువైతే హ్యాండిల్ చేతుల్లోకి ఎగిరి కొడుతుంది, మొరం మలుపులో ముందు చక్రం జారుతుంది. మరీ నెమ్మదైతే ఒక రాయి తర్వాత ఇంకో రాయి తగిలేసరికి ఫోర్క్ పైకి లేవడానికి సమయం చాలక అడుగున ఇరుక్కుపోతుంది. తొక్కేవారికి అది ఫోర్క్ గట్టిబడినట్టు అనిపించి గాలి తగ్గిస్తారు, ఇంకా పాడవుతుంది. పక్కనుంచి చూసే స్నేహితుడు అడగాల్సింది ఒక్కటే: చివరి రాయి దాటేసరికి ఫోర్క్ మొదటి ఎత్తుకు వచ్చిందా? డిసెంబరు పొద్దుటి చలికి ఫోర్క్ నూనె చిక్కబడి రీబౌండ్ నెమ్మదిస్తుంది. ఎండెక్కే దాకా ఒకటి రెండు క్లిక్కులు తెరిచి ఉంచండి.

టైర్లలో గాలి

ఈ నేల మీద తేడా అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది ఇక్కడే. 29 అంగుళాల చక్రానికి 2.3–2.4 వెడల్పు టైరు, ట్యూబ్‌లెస్, సంచితో కలిపి 70 కిలోల మనిషి అనుకుంటే ముందు 22, వెనక 25 పి.ఎస్.ఐ.తో మొదలుపెట్టండి. ట్యూబు ఉంటే ముందు 28, వెనక 32. బరువు 10 కిలోలు పెరిగితే 2 పి.ఎస్.ఐ. కలపండి. పక్కవాడి అంకె ఎప్పుడూ నకలు కొట్టకండి.

మొరం గుళ్ళు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. గాలి ఎక్కువైతే టైరు వాటి పైనే తేలుతుంది, తక్కువైతే వాటిని పక్కకు నెట్టి కింది పెంకును పట్టుకుంటుంది. కానీ అదే పెంకు అంచులు రిమ్ముకు తగిలితే ట్యూబుకు పక్కపక్కనే రెండు కోతలు పడతాయి. కాబట్టి ఒక్కో పి.ఎస్.ఐ. చొప్పున దించుతూ అదే వాలు తొక్కండి. రిమ్ము రాయికి టక్కుమని తగిలిన చప్పుడు వెనకవారికి వినిపిస్తే 2 పెంచి అక్కడ ఆపండి. మలుపులో టైరు పక్కగోడ మడిచినట్టు అనిపిస్తే ఒకటి పెంచండి.

గాలి తోవ దగ్గరే కొలవాలి. గేజ్ చూపేది లోపలి గాలికీ బయటి గాలికీ ఉన్న తేడా. సాలూరు ఘాటీ కింద కొలిచి సుంకి, పొట్టంగి దాటి 1,672 మీటర్ల దేవమాలి కొండ మీదికి చేరితే బయటి గాలి పలచబడటం వల్ల అంకె 2 పి.ఎస్.ఐ.కు పైగా పెరుగుతుంది. పైన చలిగా ఉంటే కొంత తగ్గుతుంది కూడా. రెండూ కలిసి ఎంతవుతుందో ఊహించే బదులు పైన గేజ్ పెట్టి చూసుకోవడమే మేలు.

సీలెంట్ (ట్యూబ్‌లెస్ టైరులో రంధ్రాలు పూడ్చే ద్రవం) ఒక్కో టైరుకు 100–120 మి.లీ. వేసవిలో రెండు మూడు నెలలకే ఎండి రబ్బరు ఉండలవుతుంది. చక్రాన్ని చెవి దగ్గర ఊపితే ద్రవం కదిలే చప్పుడు రావాలి. రేగు ముల్లు దిగితే పీకి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి ఒక నిమిషం ఉంచండి. ట్యూబు వాడేవాళ్ళు మార్చేముందు టైరు లోపలంతా వేళ్ళతో మెల్లగా తడమండి. విరిగిన ముల్లు మొన లోపలే ఉండిపోవడం వల్లే అరగంటకు రెండో పంక్చర్ పడుతుంది.

బ్రేకులు

ప్యాడ్ మీద పదార్థం 0.5 మి.మీ.కు వస్తే మార్చేయాలి. వానాకాలపు ఎర్రబురద రెసిన్ ప్యాడ్‌ను చాలా వేగంగా తినేస్తుంది. జులై, ఆగస్టు నెలల్లో తొక్కేవాళ్ళు మెటల్ ప్యాడ్లు వేసుకోవాలి, డిస్క్ వాటికి సరిపడేదో కాదో దాని మీద చదివి చూడాలి. కొత్త ప్యాడ్లు వేశాక చదును దారి మీద మామూలు వేగం నుంచి నడక వేగానికి ఇరవై సార్లు, ఇంకాస్త వేగం నుంచి పది సార్లు నెమ్మదించండి. చక్రం బిగుసుకునేలా పట్టకూడదు. ఈ పని చేయకుండా ఘాటీ దిగితే ప్యాడ్ గాజులా మెరుస్తుంది, పట్టు రాదు.

షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిల్. స్రామ్‌లో చాలావాటికి డాట్ ద్రవం. ఒకదానిలో ఒకటి పోస్తే సీళ్ళు ఉబ్బి లీవర్ పనికిరాకుండా పోతుంది. డాట్ ద్రవం గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. వాన వెనకబడ్డాక ఏటా ఒకసారి మార్చండి. పొడుగు దిగుడులో బ్రేకును నిరంతరం రుద్దుతూ ఉండకుండా గట్టిగా పట్టి వదలండి, వదిలిన ఆ కాస్త సమయంలోనే డిస్క్ చల్లారుతుంది.

వాలు మీద నాలుగుసార్లు

మొదటిసారి ఏదీ మార్చకుండా తొక్కండి. రెండోసారి టైరు గాలి మాత్రమే, మూడోసారి రీబౌండ్ రెండు క్లిక్కులు, నాలుగోసారి సాగ్. ప్రతిసారీ దిగగానే ఫోర్క్ రింగు ఎక్కడ ఆగిందో ఒకరు కొలవాలి. మెట్టంత దిగుడుకే రింగు చివరిదాకా పోతే, సాగ్ కూడా ఎక్కువుంటే గాలి పెంచండి. సాగ్ సరిగ్గా ఉండి అడుగుకు కొడుతుంటే గాలి ముట్టుకోకుండా, ఫోర్క్‌లో గాలి గది తగ్గించే ప్లాస్టిక్ స్పేసర్ ఒకటి వేయించండి. రోజంతా తొక్కినా చివరి 30 మి.మీ. వాడకపోతే గాలి కొంచెం తగ్గించాలి. పుస్తకంలో తేదీ, మనిషి బరువు, ముందు వెనక గాలి, క్లిక్కులు, నేల పొడా తడా అన్నీ రాయండి. వానాకాలం అంకెలకు వేరే పేజీ పెట్టండి.

గుంపుగా దిగేటప్పుడు

దారి తెలిసినవారు ముందు, పనిముట్లున్నవారు చివర. మధ్యలో కనీసం నాలుగు సెకన్ల ఎడం ఉండాలి, దుమ్ము లేస్తే ఇంకా పెంచండి. చీలిక దగ్గర ముందువారు ఆగి, వెనకవారు కంటపడ్డాకే కదలాలి, లోపల చాలాచోట్ల ఫోన్ అందదు. ఒకరి దగ్గరైనా స్పేర్ ట్యూబు, టైరు రంధ్రం మూసే ప్లగ్గులు, గొలుసు విప్పే పనిముట్టు, మీ గొలుసుకు సరిపోయే క్విక్ లింకు, పంపు, గాయానికి కట్టు ఉండాలి. హ్యాంగర్ ఎవరిది వారే తెచ్చుకోవాలి. మోడల్‌కొకటిగా ఉంటుంది, ఒకరిది ఇంకొకరికి పట్టదు.

ఇవి ఆట కోసం వేసిన దారులు కావు, ఊళ్ళవాళ్ళ నడక తోవలు. సంత రోజున తలమీద మోపులతో వచ్చేవాళ్ళు వాలెక్కుతుంటే మీరు దిగి, సైకిల్‌ను లోయ వైపు పట్టుకుని, కొండవైపు వాళ్ళకు వదలండి. వలిసె పూత ఉన్న చేలో చక్రం పెట్టవద్దు. కళ్ళాల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన చోళ్ళ మీదుగా పోవద్దు. ఊరి దేవత దగ్గరి రాతి గద్దె దూకడానికి కాదు. రాయగడ, పొట్టంగి వైపు తెలుగు చాలాచోట్ల నడుస్తుంది. లోపలి ఊళ్ళలో దేశియా, కువి మాట్లాడతారు. ఊళ్ళోకి రాగానే సైకిల్ దిగి నడుస్తూ దారి అడిగితే ఏ భాషలోనైనా చెబుతారు. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి సాయంత్రం పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

తిరుగు ప్రయాణంలో జీపులో పెట్టడానికి చక్రం తీశాక బ్రేక్ లీవర్ ఎవరూ నొక్కకుండా ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క దూర్చండి. లేకపోతే పిస్టన్లు బయటికి వచ్చేసి, మర్నాడు డిస్క్ లోపలికి దూరదు.