చలనం, వడి: సూత్రం కంటే ముందు సుద్దగీత

‘వడి = దూరం ÷ కాలం’ అని బోర్డు మీద రాసి మొదలుపెడితే పిల్లలు ఆ పీరియడ్‌లోనే లెక్కలు చేసేస్తారు. బస్సు గంటకు 40 కిలోమీటర్ల వడితో పోతోందంటే అర్థమేంటని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. అందుకే సూత్రాన్ని రెండో రోజుకు వాయిదా వేయండి.

ముందు ఐదు నిమిషాలు నోటిమాటగా చలనం, విరామం గురించి చెప్పండి. మెట్రోలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒకరికొకరు కదలడం లేదు, ప్లాట్‌ఫాం మీదున్నవాడికి ఇద్దరూ కదులుతున్నారు. ‘దేనితో పోలిస్తే?’ అని అడగడం అలవాటైతే చాలు. ఇంతకు మించి సాగదీయొద్దు.

ఇక ఆవరణలోకి. నలభై మంది ఉంటే ఆరేడుగురు చొప్పున జట్లు చేయండి. జట్టుకు కొలత టేపు, సుద్దముక్క, చేతిరుమాలు, స్టాప్‌వాచ్ ఉన్న నాలుగు ఫోన్లు కావాలి. అన్ని ఫోన్లు లేకపోతే జట్లను వంతులవారీగా పంపండి. టేపు లేకపోతే మీటరుకో ముడి వేసిన జనపనార తాడు సరిపోతుంది. ప్లాస్టిక్ తాడు వద్దు, లాగితే సాగుతుంది. వేసవి ఒంటిపూట బడుల రోజుల్లో ఇది మొదటి పీరియడ్‌లోనే కానివ్వండి. పదిన్నర దాటాక సిమెంటు నేల మీద పిల్లలు నిలబడలేరు.

సున్నా గీత గీసి, అక్కణ్నుంచి 5, 10, 15, 20 మీటర్ల దగ్గర గీతలు గీయండి. ఒక్కో గీత పక్కన ఒక్కో ఫోనుతో ఒకరు. సున్నా గీత దగ్గర రుమాలు పట్టుకుని మరొకరు. నడిచేవాళ్లు సున్నాకు రెండు మీటర్లు వెనక నుంచే నడక మొదలుపెట్టాలి. గీత మీద నిలబడి బయల్దేరితే మొదటి ఐదు మీటర్లకు ఎక్కువ సమయం పట్టి పట్టిక చెడుతుంది. ఛాతీ గీతను దాటగానే రుమాలు కిందికి, నాలుగు ఫోన్లూ మొదలు. ఎవరి గీతను ఛాతీ దాటినప్పుడు వాళ్లు ఆపాలి. పాదాన్ని చూస్తే ఏ పాదమన్న గొడవొస్తుంది. ‘వన్, టూ, త్రీ’ లెక్కపెట్టనివ్వకండి, త్రీ రాకముందే సగంమంది నొక్కేస్తారు.

మామూలు నడకకు 3.9, 7.7, 11.6, 15.4 సెకన్లు వచ్చాయనుకోండి. ఒక్కో ఐదు మీటర్లకు పట్టింది ఎంతో తీసివేతతో రాబట్టించండి: 3.9, 3.8, 3.9, 3.8. ఇంచుమించు సమానం కాబట్టి ఇది సమచలనం. ఒక సెకనులో ఎంత దూరం నడిచినట్టు అని అడిగితే 20ని 15.4తో వాళ్లే భాగించి 1.3 మీటర్లంటారు. సూత్రం అక్కడే పుట్టింది, మర్నాడు బోర్డు మీద దానికి పేరు పెడితే సరి.

కంటితో చూసి వేలితో నొక్కడానికి దాదాపు 0.2 సెకను పడుతుంది. మొదట్లోనూ చివర్లోనూ అంతే ఆలస్యమైతే రెండూ చెల్లిపోతాయి, కానీ ప్రతిసారీ ఒకేలా ఉండదు. నాలుగు సెకన్ల కొలతలో 0.2 తేడా అంటే ఐదు శాతం, పదిహేను సెకన్లలో ఒక శాతం పైచిలుకు. ఇరవై మీటర్లు ఎందుకని పిల్లలు అడిగితే జవాబు ఇదే. మూడుసార్లు నడిపించి సగటు తీయించండి.

తర్వాత ఒకర్ని పరుగెత్తించండి. ఈసారి సున్నా గీత మీదే నిలబడి మొదలుపెట్టాలి. 1.6, 2.6, 3.5, 4.4 వస్తే మొదటి ఐదు మీటర్లకే 1.6 సెకన్లు పోయాయి. మొత్తం మీద సగటు వడి సెకనుకు 4.5 మీటర్లు, చివర్లో మాత్రం అంతకంటే ఎక్కువ. ‘సగటు’ అన్న మాట ఇక్కడ అవసరపడుతుంది. చివరి 0.9 సెకనులో చేతిపొరపాటుకు వాటా పెద్దది, ఆ అంకెను మరీ నమ్మొద్దని చెప్పండి.

రెండో రోజు గ్రాఫు. అడ్డంగా కాలం, నిలువుగా దూరం. నడకకు సరళరేఖ, పరుగుకు మొదట వంగి తర్వాత తిన్నగా సాగే గీత వస్తాయి. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే: పైకి పోయే గీతను చూసి గుట్ట ఎక్కుతున్నారంటారు, చదునుగా ఉన్న గీతను చూసి చదును రోడ్డంటారు. మందు సులభం. నడిచేవాళ్లను 10 మీటర్ల దగ్గర ఐదు సెకన్లు ఆగమని మళ్లీ కొలిచి గ్రాఫు గీయించండి. ఆగినచోట గీత చదునుగా సాగడం తమ చేత్తోనే గీస్తారు.

గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడానికి 5/18తో గుణించాలని బట్టీపట్టిస్తే ఎప్పుడు గుణించాలో, ఎప్పుడు భాగించాలో తికమకే. సెకనుకు ఒక మీటరు అంటే గంటకు 3600 మీటర్లు, అంటే 3.6 కిలోమీటర్లు. నడక 1.3 కాబట్టి గంటకు 4.7 దాకా. గంటకు కిలోమీటర్లలో చెప్పే అంకే పెద్దదని గుర్తుంటే తలకిందులైన జవాబు వాళ్లకే కనబడుతుంది.

సగటు వడిలో ఒక ఉచ్చు ఉంది. 12 కిలోమీటర్ల దూరం పొద్దున గంటకు 24 కిలోమీటర్ల వడితో వెళ్లి, సాయంత్రం ట్రాఫిక్‌లో 12తో తిరిగొస్తే సగటు 18 అని తరగతంతా అరుస్తుంది. వెళ్లడానికి అరగంట, రావడానికి గంట. 24 కిలోమీటర్లకు గంటన్నర, అంటే 16. వడులను కూడి రెండుతో భాగించడం కాదు, మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించాలి.

బయట మనం స్పీడునే వేగం అంటాం. పుస్తకంలో మాత్రం దిశ లేనిది వడి, దిశతో కూడింది వేగం. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. ఒక చుట్టు చుట్టి రెండు గంటల్లో బయల్దేరిన చోటికే వచ్చారనుకుంటే సగటు వడి గంటకు 79 కిలోమీటర్లు, స్థానభ్రంశం (బయల్దేరిన చోటి నుంచి చేరిన చోటికి తిన్నగా ఉన్న దూరం, దిశతో సహా) సున్నా కనుక సగటు వేగం సున్నా. ఆ సున్నాను తరగతి ఒకపట్టాన ఒప్పుకోదు, వాదించుకోవడానికి పది నిమిషాలు వదిలేయండి.