లక్షణం ఒకటే, బిల్లు వేరు: పాత కారు కొనేముందు పట్టుకోవాల్సిన జబ్బులు

"స్విఫ్ట్ తీసుకోమంటావా, ఐ20నా? ఇన్నోవా అయితే పదేళ్లు చూసుకోనక్కర్లేదంటగా?" మా బాబాయి దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటాయన దాకా అందరూ అడిగేది ఇదే. నేను మెకానిక్‌ని కాను. చుట్టాల కోసం పాత కార్లు చూడటానికి గుంటూరు నుంచి విజయవాడ ఆటోనగర్‌కి తిరిగీ తిరిగీ, అక్కడి మేస్త్రీల చేత చీవాట్లు తినీ తినీ కొంత నేర్చుకున్నాను. ఒకే జబ్బు రెండు కార్లకు వస్తుంది. ఒకదానికి మధ్యాహ్నం భోజనం వేళకి తేలిపోతుంది, రెండోదానికి కారు ధరలో సగం పోతుంది. అందుకే నేను కంపెనీ పేరుతో కాకుండా లక్షణంతో మొదలుపెడతాను.

పొద్దున మొదటి స్టార్టుకి గలగల

నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఓనరుకి ముందు రోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మర్నాడు మళ్లీ వెళ్లండి. ఆయన నిజంగానే పాల ప్యాకెట్ కోసం వెళ్లొచ్చి ఉండొచ్చు, కానీ చల్లటి ఇంజన్ చెప్పే నిజాలు వేడి ఇంజన్ చెప్పదు.

ఒక సెకను గలగలమని సర్దుకుంటే ఆయిల్ పైకి ఎక్కడానికి పట్టిన సమయం అనుకోవచ్చు. నాలుగైదు సెకన్లు మోగుతూనే ఉంటే టైమింగ్ చైన్ (వాల్వులు వేళకి తెరుచుకునేలా తిప్పే గొలుసు) సాగిందనో, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ అయిపోయిందనో అర్థం. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగాల్లోనూ టాటా విస్టా, ఫియట్ పుంటోల్లోనూ వచ్చిన 1.3 లీటర్ ఫియట్ డీజిల్ ఇంజన్ చైన్ రకమే. లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి ఇలా మోగితే చైన్ కిట్ మార్పించాలి. ఈ ఇంజన్ ఎన్ని బళ్లలో వచ్చిందంటే దీన్ని నేషనల్ ఇంజన్ అనేవాళ్లు. మారుతి 2020లో డీజిల్ ఆపేసినా దీని పని తెలిసిన మేస్త్రీలకు ఆటోనగర్‌లో కొదవలేదు. జబ్బు పెద్దదే, వైద్యం మాత్రం దగ్గరే.

2.5 లీటర్ల పాత ఇన్నోవాకి ఇది వర్తించదు. అందులో ఉన్నది చైన్ కాదు, బెల్టు. బెల్టు చాలాసార్లు ఏ చప్పుడూ చేయకుండానే తెగుతుంది. తెగిందంటే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగిలి వంగుతాయి, హెడ్ (ఇంజన్ పైభాగం) పని పడుతుంది. లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్ల మధ్య బెల్టు మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్కేసుకుని, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఇన్నోవా గట్టిదన్న మాట నిజమే, కానీ ఆ గట్టిదనం ఇలా వేళకి చూసుకున్న బండికే.

స్టార్ట్ చేసినప్పుడే పొగ కూడా గమనించండి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది: వాల్వ్ సీళ్లు అయితే ఖర్చు తక్కువ, పిస్టన్ రింగులు అయితే ఇంజన్ విప్పి సిలిండర్లు సరిచేయించే బోరు పని. తెల్లగా, దట్టంగా, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) లోపలికి పోతోంది, హెడ్ గాస్కెట్ (హెడ్ కింది ప్యాకింగ్) మీద అనుమానం పెట్టుకోవాలి. ఆయిల్ పోసే మూత తీసి అడుగున చూడండి. మజ్జిగలాంటి జిడ్డు కనిపిస్తే ఇంకో కారు వెతుక్కోవచ్చు.

మే నెల మధ్యాహ్నం వేడెక్కిపోతోంది

మన ఊళ్లకి ఇదే అసలు పరీక్ష. డిసెంబరులో కొన్న కారు బంగారంలా ఉంటుంది, మేలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీ వేడిగాలి కొడుతుంది. అందుకే ఏ కాలంలో చూసినా ఏసీ ఫుల్‌గా పెట్టి ఇరవై నిమిషాలు నిలబెట్టి ఉంచండి. రేడియేటర్ ఫ్యాను తిరుగుతుండాలి. చిన్న కార్లలో చాలావాటికి టెంపరేచర్ సూదే ఉండదు, ఎర్ర లైటు వెలిగేసరికే ఆలస్యమైపోతుంది. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌ని చదివే పరికరం) ఉన్న మేస్త్రీని తీసుకెళ్తే డిగ్రీల్లో చదివి చెబుతాడు.

కారణాల్లో ఎక్కువగా కనిపించేది బోరు నీళ్లు. కూలెంట్ తగ్గినప్పుడల్లా ఇంటి పంపు నీళ్లే పోస్తారు. ఉప్పు నీటికి రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది, వాటర్ పంపు తుప్పు పడుతుంది. డబ్బాలో ఉన్నది ఆకుపచ్చగానో ఎర్రగానో కాకుండా టీ నీళ్లలా ఉంటే ఇదే కథ. పరిష్కారం వరసగా: ఫ్లష్ చేయించడం, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ని వదిలే వాల్వు) మార్చడం, అప్పటికీ తగ్గకపోతే కొత్త రేడియేటర్. కొందరు థర్మోస్టాట్ తీసేసి "మన ఎండలకి అది అక్కర్లేదండీ" అంటారు, నమ్మకండి. ఇంతకుముందు ఎప్పుడైనా రోడ్డు మీద పొగలు కక్కి ఆగిందా అని మాత్రం గట్టిగా అడగండి. అల్యూమినియం హెడ్ ఒకసారి వంగితే తిరిగి నమ్మకం కుదరదు.

ట్రాఫిక్‌లో జర్కులు, ఎత్తు ఎక్కేటప్పుడు బలం లేదు

మాన్యువల్ అయితే కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో గట్టిగా తొక్కండి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. మారుతి, హ్యుందాయ్ చిన్న కార్లకి ఒక పూటలో అయిపోయే పని.

ఆటోమేటిక్‌లో పేరు ఒకటే అయినా లోపల నాలుగు రకాలున్నాయి, బిల్లులూ నాలుగు రకాలే. 2014లో సెలెరియోతో వచ్చిన ఏఎంటీలో ఉన్నది మామూలు క్లచ్చే, దాన్ని తొక్కే పని మాత్రం యంత్రం చేస్తుంది. జర్కులొస్తే క్లచ్ మార్చి స్కానర్‌తో సెట్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. క్లచ్‌కి బదులు ఆయిల్‌తో బలం అందించే టార్క్ కన్వర్టర్ నాకు అన్నిటికన్నా నమ్మకమైనది, ఆయిల్ వేళకి మారిస్తే చాలు. గేర్లకు బదులు బెల్టు మీద నడిచే సీవీటీ మూలుగుతుంటే ఆ లోపలి బెల్టు సంగతి, విప్పి బాగుచేసేవాళ్లు మన దగ్గర తక్కువ. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీలో (రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్) గేర్లు మార్పించే మెకట్రానిక్ యూనిట్ పోతే పాత పోలో ధరలో పెద్ద ముక్కే పోతుంది. హైవే మీద అంత హాయిగా నడిచే బండి మరొకటి లేదని ఒప్పుకుంటాను. అయినా రోజూ బందరు రోడ్డు ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకి, వారంటీ లేకుండా, వద్దనే చెబుతాను.

2020 తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్‌లో బలం తగ్గి లైటు వెలిగితే డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి నిండి ఉండొచ్చు. గుంటూరులో బ్రాడీపేట నుంచి పక్కనున్న అరండల్‌పేట దాకానే తిరిగే డీజిల్ కారుకి వచ్చే జబ్బు ఇది. హైవే మీద ఆగకుండా అరగంట నడిపితే ఆ మసి చాలాసార్లు కాలిపోతుంది. మీ తిరుగుడు ఊళ్లోనే అయితే పెట్రోల్ చూసుకోండి.

స్టీరింగ్ తిప్పితే టక్‌మంటోంది

ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న హ్యుందాయ్ కార్లలో స్టీరింగ్ మోటారు దగ్గర చిన్న రబ్బరు కప్లింగ్ అరిగి ఇలా చప్పుడు చేస్తుంది. ముక్క ఖరీదు వందల్లోనే. అది తెలియనివాళ్లు మొత్తం స్టీరింగ్ మార్చాలని భయపెడతారు. గతుకుల్లో టకటకలాడితే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు గానీ, లోయర్ ఆర్మ్ బుష్‌లు గానీ అయి ఉంటాయి, అవి ఏ కారుకైనా అరిగేవే. పార్టు దొరుకుతుందా అన్నదే తేడా. షెవ్రొలే 2017లో అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021లో ఇక్కడ అమ్మే కార్ల తయారీ మానేసింది. ఫిగో, ఎకోస్పోర్ట్ డీజిల్ ఇంజన్లు గట్టివే, కానీ హెడ్‌లైటో డోరో కావాల్సొస్తే ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి.

ఈరోజు ఒక లైటు, రేపు ఇంకో లైటు

విజయవాడలో కొనేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది దీనికి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఎన్నో కార్లు మునిగాయి. అందులో కొన్ని కడిగి, తుడిచి, సెంటు కొట్టి మళ్లీ అమ్మకానికి వచ్చాయి.

లక్షణాలు పొంతన లేకుండా ఉంటాయి. ఒకరోజు అద్దం దిగదు, మరోరోజు ఎయిర్‌బ్యాగ్ లైటు, ఇంకోరోజు సెల్ఫ్ తీసుకోదు. వాన పడితే అన్నీ కలిసొస్తాయి. కారణం, వైరింగ్ కనెక్టర్లలో, కంప్యూటర్ డబ్బాల్లో చేరిన మురుగునీరు రాగిని నెమ్మదిగా తినేయడం.

మా బావ ఒక కారు చూశాడు. రెండేళ్ల బండి, మార్కెట్ కన్నా చాలా తక్కువ ధర, లోపల మల్లెపూల వాసన. డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా లాగితే అడుగున జానెడు మేర గోధుమరంగు చార. అమ్మే ఆయన్ని అడిగితే "పిల్లలు చాక్లెట్ పూశారు సార్" అన్నాడు. స్టెప్నీ కింద గుంటలో ఒండ్రుమట్టి కూడా పిల్లలే పోశారేమో అడగలేదు, వచ్చేశాం.

బెల్టు, స్టెప్నీ గుంట కాకుండా సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద తడి, ఫ్యూజ్ బాక్సులో పచ్చటి చిలుము చూడండి. ఇన్సూరెన్స్ పాలసీ పాత కాపీ కూడా అడగండి. క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో తగ్గింపు) ఏటా 20, 25, 35 శాతంగా పెరుగుతూ పోతుంది. 2024 సెప్టెంబరు తర్వాతి రెన్యువల్‌లో అది సున్నాకి పడిందంటే దేనికి క్లెయిమ్ చేశారో చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. నీళ్లు కార్పెట్ దాకానే వచ్చి వెంటనే ఆరబెట్టిన కారైతే, ధర బాగా తగ్గితే ఆలోచించొచ్చు. డ్యాష్‌బోర్డు దాకా మునిగినదానికి పరిష్కారం లేదు.

రీడింగ్ నలభై వేలు, పెడల్ రబ్బరు అరిగిపోయింది

మీటరు తిప్పేశారు. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 3219 అంటే 2019లో 32వ వారం. ఆ ఏడాది కారుకి 2023 టైర్లు, రీడింగ్ పాతిక వేలు అంటే లెక్క కుదరదు, పాతిక వేలకే టైర్లు మార్చాల్సిన అవసరం రాదు. అద్దాల మీద సంవత్సరం కూడా చూడండి, ఒక్క అద్దం వేరేగా ఉంటే అటువైపు దెబ్బ తగిలి ఉండొచ్చు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రికార్డు తీయమని ఓనరుతోనే అడిగించండి.

ధర మరీ తక్కువ, నంబరు బయటిది

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఏళ్లుగా ఆంక్షలు నడుస్తూ వచ్చాయి కాబట్టి అక్కడివి ఇటు చవగ్గా వస్తాయి. బండి బాగుండొచ్చు, కానీ అక్కడి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న ఆర్టీఓ పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకోండి. తెలంగాణ నంబరుకీ ఇదే లెక్క. ఏపీ 16 అంటే విజయవాడ, ఏపీ 07 అంటే గుంటూరు అని నంబరు చూసి ఊరు చెప్పే రోజులు 2019లో ఏపీ 39 వచ్చాక పోయాయి, ఆర్‌సీలో అడ్రసు చూడాల్సిందే. ఫైనాన్స్ తీరిందన్న ఫారం 35, పాత చలాన్లు తేలకుండా బయానా ఇవ్వొద్దు.

ఏసీ వేస్తే తుమ్ములు

ఇది గుంటూరు ప్రత్యేకం. మిర్చి యార్డు వ్యాపారి దగ్గర కొన్న కారులో మా ఇంటిల్లిపాదీ తుమ్మాం. క్యాబిన్ ఫిల్టర్ తీస్తే కారప్పొడి రంగులో ఉంది. ఫిల్టర్ మార్చి, ఏసీ లోపలి కాయిల్ కడిగించాం. మూడేళ్లయింది, ఆ కారు ఇంకా మా దగ్గరే ఉంది.