స్ప్రింగు కోయించే ముందు టేపు పట్టండి

కారుని "లో" చేయించాలని, అంటే స్ప్రింగులు కోయించో మార్చో ఎత్తు తగ్గించాలని, వచ్చే కుర్రాళ్లు ముందు చూపించేది టైరుకీ దాని పైనున్న ఫెండర్ రేకుకీ మధ్య గ్యాపు. "నాలుగు వేళ్లు దూరుతున్నాయన్నా, రెండు వేళ్లకి తెచ్చెయ్యి" అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో చక్రాల అలైన్‌మెంట్ మిషన్ పెట్టుకుని బతికేవాణ్ణి, వచ్చిన బేరం ఎందుకు వద్దంటాను? కాకపోతే ఆ గ్యాపు గుంతలో చక్రం పైకి లేవడానికి కంపెనీ వదిలిన చోటు. అందులో రోజూ ఎంత వాడుతున్నారో కొలుచుకోకుండా స్ప్రింగు మీద చెయ్యి వెయ్యనివ్వకండి.

కొలవడానికి ఒక కేబుల్ టై చాలు. కారు జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, ముందు చక్రం విప్పండి. షాకబ్జర్ రాడ్డు మీది రబ్బరు తొడుగు పైకి జరిపి, మెరిసే రాడ్డుకి కేబుల్ టై చుట్టి, కాస్త బిగువుగా, తోస్తే జరిగేలా, కింద షాకబ్జర్ బాడీకి ఆనించండి. చక్రం బిగించి వారం రోజులు మామూలుగా తిరగండి. ఒక్కసారైనా ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కరకట్ట రోడ్డు లాంటి గతుకుల దారిలో వెళ్లండి. మళ్లీ విప్పి చూస్తే టై పైకి జరిగి ఉంటుంది. అక్కణ్ణించి బంప్ స్టాప్ (రాడ్డు పైన దెబ్బ ఆపే రబ్బరు దిమ్మ) కింది అంచు దాకా రాడ్డు ఎంత మిగిలిందో టేపు పెట్టండి. 30 మిల్లీమీటర్లే మిగిలి, మీరు 40 దించాలనుకుంటే, ఇవాళ తేలిగ్గా దాటిన గుంతలోనే రేపు కారు బంప్ స్టాప్ మీద కూలబడుతుంది. ఆ దెబ్బ స్ట్రట్ మౌంట్‌కీ (షాకబ్జర్ పైకొస కారు బాడీకి బిగించే చోటు), మీ నడుముకీ తగులుతుంది.

చవగ్గా అయిపోతుందని గ్యాస్ కట్టర్‌తో చుట్టు కోయించేవాళ్లున్నారు. ఆ వేడికి స్ప్రింగు పదును పోతుంది. పనిచేసే ఆరు చుట్లలో ఒకటి తీసేస్తే గట్టిదనం అయిదో వంతు పెరుగుతుంది, పాత షాకబ్జర్ దాన్ని ఆపలేక కారు ఊగుతుంది. కోసిన కొస స్ప్రింగు ఆనే గిన్నెలో సరిగ్గా కూర్చోదు. చక్రం గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకి తిరిగినా ఆశ్చర్యం లేదు.

ఇక నేల ఎత్తు. 2018లో వచ్చిన స్విఫ్ట్‌కి కంపెనీ లెక్క 163 మిల్లీమీటర్లు. 40 దించితే 123, అయిదుగురు ఎక్కితే ఇంకా తక్కువ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం కట్టిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. నెమ్మదిగా వెళ్తే అది పెద్ద సమస్య కాదు, కారు మొత్తం దాని మీదికి ఎక్కేస్తుంది. మన ఊళ్లలో రాత్రికి రాత్రి రెండు తట్టల కాంక్రీటు పోసి చేసేవాటితోనే చిక్కు. ముందు చక్రాలు దాటాక, వెనకవి ఎక్కకముందు, దాని ఎత్తంతా సరిగ్గా కారు పొట్ట కిందికొస్తుంది. వానాకాలం రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచినప్పుడు ఇంజను గాలి పీల్చే మూతి కూడా అంతే కిందికి వచ్చి ఉంటుందని మరిచిపోకండి.

"లో చేస్తే మూలమలుపుల్లో ఒరగదు కదా" అంటారు. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ ఒకే కంబంలా ఉండే అమరిక) ఉన్న కార్లలో బాగా దించితే, చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది. కారు బరువు కేంద్రం దిగినదానికన్నా రోల్ సెంటర్, అంటే మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, ఎక్కువ దిగుతుంది. స్ప్రింగు గట్టిది కాకపోతే ఒరుగు పెరుగుతుంది కూడా.

నా దగ్గర ఎక్కువగా తేలేది టైర్ల సంగతే. దించగానే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం), క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం) రెండూ మారతాయి. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదే, లోపలి అంచున తీగలు బయటపడి ఉంటాయి. స్టీరింగు పూర్తిగా తిప్పి, అరచేతిని టైరు మీద అడ్డంగా అటూ ఇటూ నెమ్మదిగా నిమరండి. ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపంలా తగిలితే టో తప్పింది. లోపలి అంచు ఒక్కటే అరిగితే క్యాంబర్‌ని అనుమానించండి. చాలా చిన్న కార్లలో టో మాత్రమే సర్దగలం, క్యాంబర్‌కి వేరే బోల్టులు కావాలి. అవి వెయ్యకుండానే "క్యాంబర్ సెట్ చేశాం" అన్నవాణ్ణి ఎలా చేశావని అడగండి. రిమ్ము లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) మీది రబ్బరు బూటు చిరిగినట్టే.

చట్టం సంగతి క్లుప్తంగా: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులు ఒప్పుకోదు. 182ఏ కింద ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా చేయిస్తే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది.

ఇంత విన్నాక కూడా "అన్నా, చూడ్డానికైనా" అనేవాళ్లకి, కంపెనీ ఒప్పుకునే సైజులో రిమ్ము పెంచుకోమంటాను. స్విఫ్ట్‌లోనే కింది మోడళ్లకి 165/80 ఆర్14, పైవాటికి 185/65 ఆర్15 టైర్లు వచ్చాయి; ఆర్ తర్వాతి అంకె రిమ్ము సైజు, అంగుళాల్లో. నిండుగా కనపడుతుంది, స్ప్రింగు జోలికి పోనక్కర్లేదు.

దించే తీరాలంటే ఆ కారు కోసం చేసిన స్ప్రింగులు, వాటికి జోడైన షాకబ్జర్లు కలిపి కొనండి, 25 మిల్లీమీటర్లు దాటకండి. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు కారు నేల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించమనండి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. అలైన్‌మెంట్ అదే రోజు ఒకసారి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాక ఇంకోసారి చేయించి, రెండు ప్రింటులూ దాచుకోండి. పాత స్ప్రింగులు తుక్కు కొట్టుకి వెయ్యకండి, కారు అమ్మేటప్పుడు కొనేవాడు అడుగుతాడు.