లోకల్‌హోస్ట్ అని రాస్తే డేటాబేస్ దొరకడం లేదా? నాకు ఇలా కుదిరింది

భీమవరంలో మా బావగారి రొయ్యల మేత షాపు లెక్కలకు పీహెచ్‌పీలో చిన్న వెబ్ యాప్ రాశాను. డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్ కూడా అదే ఉబుంటు (లైనక్స్) సిస్టమ్‌లో. బ్రౌజర్‌లో తెరిస్తే 2002 ఎర్రర్, అలాంటి ఫైలే లేదంటూ. టెర్మినల్‌లో మాత్రం అదే పాస్‌వర్డ్‌తో శుభ్రంగా లాగిన్ అవుతోంది.

పాస్‌వర్డ్ మార్చడం, మైఎస్‌క్యూఎల్ నెట్‌వర్క్‌లో వాడే 3306 పోర్టు తెరవడం, రీస్టార్ట్ చేయడం, అన్నీ దండగే.

అసలు ఇక్కడ పోర్టుతో పనే లేదు. హోస్టు లోకల్‌హోస్ట్ (అంటే ఇదే సిస్టమ్) అయితే లైనక్స్‌లో పీహెచ్‌పీ నెట్‌వర్క్ జోలికి పోదు, సాకెట్ ఫైలు (ఒకే సిస్టమ్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) కోసం చూస్తుంది. అందుకని ముందు మైఎస్‌క్యూఎల్‌లో షో వేరియబుల్స్ కొట్టి సాకెట్ ఎక్కడుందో చూశాను: వార్ కింద రన్, దాని కింద మైఎస్‌క్యూఎల్‌డీ ఫోల్డర్. తర్వాత పీహెచ్‌పీ ఇన్ఫో పేజీలో పీడీఓ (పీహెచ్‌పీని డేటాబేస్‌తో కలిపే భాగం) డీఫాల్ట్ సాకెట్ చూస్తే టెంప్ ఫోల్డర్ అని ఉంది! ఈ పీహెచ్‌పీ సోర్సు నుంచి కంపైల్ చేసింది, బహుశా అందుకే. కనెక్షన్ లైన్‌లో హోస్టు తీసేసి, యునిక్స్ సాకెట్ అనే చోట ఆ అసలు ఫైలు పూర్తి దారి ఇచ్చాను. పేజీ వెంటనే తెరుచుకుంది. షాపులో టెన్షన్ తగ్గింది, బావగారు మళ్లీ అరువు ఖాతాల మీద పడ్డారు.

అందరికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. ఎర్రర్‌లో పర్మిషన్ డినైడ్ అని వస్తే ఆ ఫోల్డర్ అనుమతులు చూసుకోండి. యాప్‌ను డాకర్‌లో, అంటే కంటైనర్ అనే విడి పెట్టెలో నడుపుతుంటే సాకెట్ ఫైలు కంటైనర్ లోపలికి కనపడదు, విడిగా మౌంట్ చేయాలి.