భవనం లోపలి వైర్‌లెస్‌కు ఫైబర్ – 4వ పాఠం: కాంతి నష్టం లెక్క

నేలమాళిగలోని హెడ్ ఎండ్‌లో మొబైల్ సిగ్నల్ కాంతిగా మారి, సింగిల్ మోడ్ ఫైబర్ ద్వారా అంతస్తుల్లోని రిమోట్ యూనిట్లకు చేరి, అక్కడ మళ్లీ రేడియో సిగ్నల్‌గా మారి యాంటెన్నాలకు అందే క్రమాన్ని గత పాఠంలో చూశాం. ఆ దారిలో ఎంత కాంతి పోతుందో లెక్క కట్టడం ఈ పాఠం పని.

పన్నెండో అంతస్తుకు కేబుల్ పొడవు 300 మీటర్లు అనుకుందాం. 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెల్ (సిగ్నల్ బలంలో తేడాను కొలిచే ప్రమాణం) పోతుంది కనుక ఇక్కడ పోయేది దాదాపు 0.1 మాత్రమే. రెండు ఫ్యూజన్ స్ప్లైసులకు (ఫైబర్ కొసలను కరిగించి కలిపిన అతుకులు) 0.1 చొప్పున 0.2, నాలుగు కనెక్టర్ జతలకు 0.5 చొప్పున 2.0 కలిపితే మొత్తం 2.3 డెసిబెల్. ఊళ్ల మధ్య వేసే కేబుల్‌లో కాంతిని దూరం తినేస్తుంది. భవనంలో అతుకులే తినేస్తాయి. అందువల్ల కేబుల్‌ను పది మీటర్లు కుదించడానికి తంటాలు పడేకన్నా, అవసరం లేని ఒక ప్యాచ్ ప్యానెల్‌ను (కేబుళ్లను కనెక్టర్లతో కలిపే పలక) తీసివేయడం మేలు.

ఇప్పుడు అసలు విషయం. అనలాగ్ పద్ధతిలో రేడియో సిగ్నలే లేజర్ కాంతి తీవ్రతను నేరుగా హెచ్చిస్తూ తగ్గిస్తుంది. అవతలి కొసన ఫోటోడయోడ్‌లో పుట్టే కరెంటు కాంతి శక్తికి అనులోమానుపాతంలో ఉంటుంది. రేడియో శక్తి మాత్రం ఆ కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి కాంతిలో 1 డెసిబెల్ పోతే రేడియోలో 2 డెసిబెల్‌లు పోతాయి, మన 2.3 కాస్తా 4.6 అవుతుంది. యాంప్లిఫయర్‌తో బలం తిరిగి తెచ్చుకోవచ్చు గానీ, ఫోన్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌లో ఈలోగా కలిసిన నాయిస్‌ను (అనవసరపు రొదను) తీసివేయలేం. సిగ్నల్‌ను అంకెలుగా మార్చి పంపే డిజిటల్ లింకులో ఈ రెట్టింపు బాధ లేదు. రిసీవర్‌కు చాలినంత కాంతి అందితే సరిపోతుంది.

అనలాగ్ లింకుల్లో సాధారణంగా ఆకుపచ్చ ఏపీసీ కనెక్టర్లు వాడటానికి కారణమూ ఉంది. 8 డిగ్రీల ఏటవాలుగా అరగదీసిన వాటి కొస, వెనక్కి తిరిగే కాంతిని పక్కకు మళ్లించి, లేజర్‌లోకి పోయి నాయిస్ పెంచకుండా ఆపుతుంది. ఆకుపచ్చదాన్ని కొస ఏటవాలుగా లేని నీలిరంగు యూపీసీ కనెక్టర్‌కు ఎన్నడూ జత చేయకూడదు. మధ్యలో గాలి సందు మిగిలి నష్టం పెరుగుతుంది, కొసలూ దెబ్బతింటాయి. సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే కోర్ వ్యాసం సుమారు 9 మైక్రోమీటర్లే కనుక, కంటికి ఆనని ధూళి కణం కూడా దాన్ని మూసేయగలదు. ప్రతి కొసనూ జత చేసే ముందే స్కోపుతో (కొసను పెద్దదిగా చూపే పరికరం) చూసి తుడవాలి.

అభ్యాసం: కేబుల్ 450 మీటర్లు, స్ప్లైసులు మూడు, కనెక్టర్ జతలు ఆరు అయితే కాంతి నష్టమెంత, రేడియో నష్టమెంత? ఒక జతను తొలగించి మళ్లీ లెక్క కట్టండి.