లో షుగర్ పాఠాలు – 3: వాకింగ్‌కి జేబులో పొట్లం

రెండో పాఠంలో గ్లూకోమీటర్ వాడటం, రీడింగులు నోట్‌బుక్‌లో రాసుకోవడం నేర్చుకున్నాం. వారం రోజుల అంకెలు మీ దగ్గర ఉన్నాయనుకుని ఈ పాఠం మొదలుపెడుతున్నాం. లేకపోతే ముందు ఆ పని చేసి రండి, ఇది ఎక్కడికీ పోదు.

నడకలో షుగర్ ప్రమాదకరంగా పడిపోకుండా (అదే ‘లో షుగర్’) చూసుకోవడం ఈసారి విషయం. ఈ పాఠం ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకీ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నా, దానికి సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటివి తోడైనా నడక వల్ల షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. మీది ఏ మందో తెలియకపోతే మాత్రల షీటు వెనక్కి తిప్పండి. అక్కడ కంపెనీ పెట్టుకున్న పేరూ, అసలు మందు పేరూ రెండూ ఉంటాయి, మనకి కావాల్సింది అసలు మందు పేరు. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉండటం మామూలే, అన్నీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. అక్కడ ‘వోగ్లిబోస్’ లేదా ‘అకార్బోస్’ కనిపిస్తే కింద గీత గీయండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

నడిస్తే ఎందుకు పడుతుంది

ఒంట్లో ఐదు లీటర్ల రక్తం, షుగర్ 90 అనుకుంటే మొత్తం రక్తంలో తిరుగుతున్న గ్లూకోజు నాలుగున్నర గ్రాములు. అంటే ఒక టీస్పూను. కాలేయం గంటకి ఎనిమిది గ్రాముల చొప్పున వదులుతూ ఆ టీస్పూను తరిగిపోకుండా చూస్తుంటుంది. నడక మొదలవగానే కండరాలు ఇన్సులిన్‌తో పని లేకుండానే గ్లూకోజుని లాక్కుంటాయి. షుగర్ జబ్బు లేనివాళ్ళలో అయితే వెంటనే క్లోమం ఇన్సులిన్ తగ్గిస్తుంది, కాలేయం సరఫరా పెంచుతుంది. కానీ సూదితో వేసుకున్న ఇన్సులిన్‌ని వెనక్కి తీసుకోలేం. మింగిన గ్లిమెపిరైడ్ క్లోమాన్ని తొందరపెడుతూనే ఉంటుంది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతసేపూ కాలేయం చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

అందుకే ఎంత దూరం నడిచారన్నది రెండో ప్రశ్న. మందు ఎప్పుడు పడింది అన్నది మొదటి ప్రశ్న.

ఉదాహరణకి చెన్నై మైలాపూర్ నాగేశ్వరరావు పార్కులో (మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద ఉన్నదే) పొద్దున్న ఆరింటికి నడిచే ఒకాయన్ని ఊహించుకుందాం. మాత్ర టిఫిన్‌కి ముందు వేసుకోమన్నారు కదా అని అయిదున్నరకే గ్లిమెపిరైడ్ వేసుకుని బయల్దేరతాడు. ఏడింటిదాకా నడక, తర్వాత పేపరు, కబుర్లు, లజ్ కార్నర్‌లో కూరగాయలు. ఇల్లు చేరి ఇడ్లీ ముందు కూర్చునేసరికి ఎనిమిదిన్నర. మాత్ర బాగా పట్టేది వేసుకున్న రెండు మూడు గంటలకి. అంటే ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య, సరిగ్గా కూరగాయల బండి దగ్గర కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఇక్కడ తప్పు నడకది కాదు, వరసది. ముందు నడక, ఇంటికి రాగానే కొలత, ఆ తర్వాత మాత్రా టిఫినూ వెంటవెంటనే. గ్లిమెపిరైడ్‌ని వేసుకోవాల్సిన పద్ధతి కూడా అదే, రోజులో మొదటి భోజనంతో పాటు. డాక్టరుగారిని ఒక్కసారి అడిగి మార్చుకోండి. డోసు మాత్రం మీ అంతట మీరు ముట్టుకోవద్దు.

ఇన్సులిన్ వాళ్ళకి రెండు ముక్కలు. నడకకి ముందు తొడకి వేసుకోవద్దు, కదిలే కండరం మీద అది తొందరగా రక్తంలోకి ఎక్కుతుంది. పొట్ట మేలు. మద్రాసు ఎండకి కూడా ఇన్సులిన్ వేగం పెరుగుతుంది కాబట్టి జనవరిలో సరిపోయిన లెక్క మే నెలలో సరిపోకపోవచ్చు.

పొట్లం తయారీ

షుగర్ 70కి తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు, 15 నిమిషాల ఆగడం, మళ్ళీ కొలత. ఈ సూత్రం చాలామందికి తెలుసు. తడబడేది ఆ 15 గ్రాముల దగ్గరే.

మామూలు గ్లూకోజు పొడి తీసుకోండి. నిమ్మ, నారింజ రుచుల పొడుల్లో పంచదార కూడా కలుస్తుంది, లేబుల్ చదవకుండా కొనొద్దు. వంటింటి చెంచాలు ఇంటికో సైజు కాబట్టి చెంచా లెక్క నమ్మకుండా ఒక్కసారి తూకం వేయండి. ఇంట్లో చిన్న కాటా లేకపోతే పచారీ కొట్లో వేయించండి. తల కొట్టిన టీస్పూనుతో నాలుగైదు పడుతుంది. చిన్న జిప్ కవర్లలో 15 గ్రాముల చొప్పున ఆరు పొట్లాలు కట్టండి. రెండు జేబులో, రెండు స్కూటర్ డిక్కీలో, రెండు మంచం పక్కన. సముద్రపు గాలికి పొడి గడ్డకడుతుంది, నెలకోసారి మార్చండి. తోడుగా వంద మిల్లీలీటర్ల నీళ్ళ సీసా ఉండాలి. ఎండిన నోట్లో పొడి వేసుకుంటే పొలమారుతుంది.

పంచదార పనికిరాదా? పనికొస్తుంది, మూడు నాలుగు టీస్పూన్లు నీళ్ళలో కలుపుకుని తాగొచ్చు. కానీ ఇందాక వోగ్లిబోస్, అకార్బోస్ కింద గీత గీసినవాళ్ళకి కాదు. ఆ మందుల పనే పేగుల్లో పంచదార విడిపోకుండా ఆలస్యం చేయడం. వాళ్ళు పంచదార, బెల్లం, చెరకు రసం నమ్ముకుంటే పావుగంటలో లేవాల్సిన షుగర్ అక్కడే పడి ఉంటుంది. వాళ్ళకి గ్లూకోజు పొడే గతి.

పార్కు బయటా, బీచ్‌లోనూ జనం ఆపద్ధర్మంగా పట్టుకునేవి చాలావరకు పనికిరావు. కొబ్బరి బోండాం కాయకో తీరు, మొత్తం తాగినా 15 గ్రాములు అందకపోవచ్చు. మెరీనా సుండల్ మామూలు రోజుల్లో మంచి తిండే, పడిపోయిన షుగర్‌కి మాత్రం కాదు. శనగలు అరిగేసరికి మనిషి నేల మీద ఉంటాడు. పాల కాఫీ, చాక్లెట్, మైసూర్‌పాక్‌లో కొవ్వు అడ్డుపడుతుంది. ఇక ఓఆర్‌ఎస్. లీటరు నీళ్ళకి కలిపే పెద్ద పొట్లం మొత్తంలో ఉన్న గ్లూకోజే 13.5 గ్రాములు. గ్లాసుడు తాగితే వచ్చేది మూడు గ్రాములు కూడా కాదు. చేతికి గ్లూకోజు అందకపోతే 150 మి.లీ. మామూలు కూల్‌డ్రింక్ మేలు. ‘డైట్’, ‘జీరో’ అని ఉన్న సీసా అయితే మంచినీళ్ళతో సమానం.

బయల్దేరే ముందు

చెప్పులు వేసుకునే ముందు కొలవండి. వేలు నీళ్ళతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి. అంతకుముందే మామిడిపండు కోసిన వేలైతే మీటరు రక్తంలో లేని షుగర్ చూపిస్తుంది, చెమట తడి ఉంటే ఉన్నది తగ్గించి చూపించొచ్చు. స్ట్రిప్ తీసిన వెంటనే డబ్బా మూత పెట్టేయండి, ఈ ఊరి తేమ స్ట్రిప్పులకి పగ.

70 లోపు ఉంటే నడక లేదు. పొట్లం వేసుకుని 90 దాటాకే మిగతా మాట. 70 నుంచి 90 మధ్య ఉంటే ఒక పొట్లం వేసుకుని, పావుగంట ఆగి, మళ్ళీ కొలిచి బయల్దేరండి. 90 నుంచి 125 దాకా ఉండి, నడక అరగంట దాటేదైతే సగం అరటిపండు తినండి. 125 నుంచి 250 దాకా నేరుగా వెళ్ళొచ్చు. అంతకు మించి ఉంటే, ముఖ్యంగా టైప్ 1 (క్లోమం ఇన్సులిన్ తయారుచేయని రకం) వాళ్ళు, కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్ళు కొవ్వుని కరిగించినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) చూసుకోకుండా వ్యాయామం చేయకూడదు.

70 ప్రమాదమైతే 90 దగ్గరే ఎందుకు ఆపుతున్నామని అడగొచ్చు. 100 లోపు రీడింగులో మీటరు 15 అటూ ఇటూ చూపించినా ప్రమాణాల ప్రకారం అది మంచి మీటరే. తెర మీద 80 అని ఉంటే లోపల 65 ఉండొచ్చు. ఆ 65తో మొదటి రౌండు మొదలుపెట్టకూడదు.

ముందు రోజు షుగర్ పడిపోయి ఇంకొకరు లేపాల్సి వచ్చి ఉంటే 24 గంటలు వ్యాయామం మానేయండి. ఒకసారి బాగా పడిన తర్వాత ఒళ్ళు ఇచ్చే హెచ్చరికలు మర్నాడు మందగిస్తాయి. వణుకూ దడా లేకుండానే నేరుగా మాట తడబడే దశకి వెళ్ళిపోతారు.

నడకలో

వణుకు, గుండె దడ, చల్లటి చెమట, పెదవుల చుట్టూ తిమ్మిరి, ఉన్నట్టుండి ఆకలి, కారణం లేని చిరాకు మొదటి వరస. మాట తడబడటం, తెలిసిన దారి తెలియకపోవడం రెండో వరస. అప్పటికి షుగర్ 54 కిందకి దిగి ఉండొచ్చు. బీపీకో గుండెకో అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వాడేవాళ్ళకి వణుకూ దడా తెలియవు, చెమట మాత్రం పడుతుంది. చెన్నైలో చెమటని గుర్తుగా పెట్టుకోవడమెలా అంటే, నీడలో కూర్చుని ఐదు నిమిషాలైనా ఆరకుండా ఒళ్ళు చల్లబడుతుంటే అది ఎండ చెమట కాదు. అయినా ఊహలెందుకు, అనుమానం రాగానే ఆగి కొలవండి. మీటరు లేకపోతే పొట్లం వేసుకోండి. అక్కర లేకుండా వేసుకున్న 15 గ్రాముల వల్ల కొంపలేం మునగవు.

ఎక్కువగా జరిగే పొరపాటు ‘ఇంకొక్క రౌండే కదా’ అనుకోవడం. దాని తమ్ముడు, పొట్లం వేసుకుని నడుస్తూనే ఉండటం. అలా చేస్తే వేసుకున్న గ్లూకోజుని కండరాలు దారిలోనే తినేస్తాయి. కూర్చోవాలి. చర్మానికి అంటించుకునే షుగర్ సెన్సార్ పెట్టుకున్నవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోండి. అది కొలిచేది చర్మం కింది ద్రవాన్ని, రక్తం కంటే ఐదు పది నిమిషాలు వెనకబడి ఉంటుంది. 85 అని చూపిస్తూ బాణం కిందకి ఉంటే 70 అనే అనుకోండి.

పావుగంటకి 70 దాటకపోతే రెండో పొట్లం. దాటాక, భోజనానికి ఇంకా గంట పైన ఉంటే రెండు ఇడ్లీలో, నాలుగు బిస్కెట్లో తినండి. భయంతో ఒకేసారి మూడు పొట్లాలు, పైన స్వీటు తింటే మధ్యాహ్నానికి 280 చూసి మళ్ళీ ఖంగారు పడతారు. ఎలియట్స్ బీచ్ నుంచి స్కూటర్ మీద తిరిగి వెళ్ళాల్సినవాళ్ళు షుగర్ మామూలుకి వచ్చాక కూడా 45 నిమిషాలు బండి తీయొద్దు. రీడింగు లేచినంత తొందరగా మెదడు తేరుకోదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రల వల్ల పడిన షుగర్, అందులోనూ కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళలో, లేచినట్టే లేచి కొన్ని గంటలకి మళ్ళీ పడుతుంది. అది ఇంట్లో కూర్చుని చూసుకునే వ్యవహారం కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి.

పక్కన ఉన్నవాళ్ళకి

తూలుతున్న మనిషిని చూసి తాగి ఉన్నాడనుకునే అవకాశం ఎక్కువ. పర్సులో ఒక కార్డు పెట్టుకోండి. మీ పేరు, మందు, ఇంటివాళ్ళ నంబరు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉండాలి. కొత్తగా ఈ ఊరొచ్చిన అమ్మానాన్నలకి ఒక తమిళ వాక్యం నేర్పండి: ‘షుగర్ కొరంజి పోచ్చు, గ్లూకోస్ కుడుంగ’ (షుగర్ తగ్గిపోయింది, గ్లూకోజు ఇవ్వండి). స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు, పంచదార, ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో గ్లూకగాన్ (షుగర్‌ని పెంచే మందు) ఇంజెక్షన్ ఉంటే పెద్దవాళ్ళకి ఒక మిల్లీగ్రాము. ఎలా ఇవ్వాలో ఇంటివాళ్ళు డాక్టరు దగ్గర ముందే నేర్చుకుని ఉండాలి.

ఆ రాత్రి

ఖాళీ అయిన నిల్వల్ని కండరాలు మళ్ళీ నింపుకుంటాయి. ఆ లాగుడు 24 గంటలు, ఒక్కోసారి అంతకు మించి కూడా సాగుతుంది. అందుకే సాయంత్రం షటిల్ ఆడినవాళ్ళకి ఆటలో పడని షుగర్ తెల్లవారుజామున రెండింటికి పడుతుంది. పొద్దున తలనొప్పి, తడిసిన బనియను, పీడకలలు దాని ఆనవాళ్ళు. కొత్త ఆట, ఎక్కువ దూరం, ఎక్కువ వేగం ఉన్న రోజు పడుకునే ముందు కొలవండి. 100 లోపు ఉంటే గ్లాసుడు పాలు, రెండు బిస్కెట్లు తిని పడుకోండి. ఆ ఒక్క రాత్రి రెండింటికి అలారం పెట్టుకోండి. మద్యం తాగిన రాత్రి అయితే కాలేయం ఆ పనిలో మునిగి కొత్త గ్లూకోజు తయారుచేయదు, ముప్పు రెట్టింపు.

ఈ వారం అభ్యాసం

మీ ‘తగ్గుదల’ ఎంతో కనుక్కోవాలి. ఒకే సమయంలో, ఒకే దారిలో, 40 నిమిషాల చొప్పున నాలుగు రోజులు నడవండి. బయల్దేరేముందు, 20 నిమిషాలకి, ముగించగానే, పడుకునేముందు కొలవండి. అంకెల పక్కన మందు వేసుకున్న సమయం, చివరిసారి తిన్నదేంటో రాయండి. మొదట 142, ముగింపు 96 అయితే ఆ రోజు తగ్గుదల 46. నాలుగు రోజులవీ 46, 38, 52, 44 వచ్చాయనుకోండి, సగటు 45. అంటే 110తో బయల్దేరితే 65 దగ్గర తేలతారు. పైన చెప్పిన సగం అరటిపండు మీకు చాలదు, పూర్తి పొట్లం కావాలన్నమాట. నాలుగు అంకెలూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే, ముందు మందు వేసుకున్న సమయాలు చూడండి. సాధారణంగా తేడా అక్కడే దొరుకుతుంది.

ఈ తగ్గుదల అంకె నాలుగో పాఠానికి తప్పనిసరి. అందులో అలిపిరి మెట్లు ఎక్కుతాం. 3,550 మెట్లు, మూడు నాలుగు గంటలు, చాలామందికి ఉపవాసంతో. గంటకి ఎన్ని పొట్లాలు, ఏ మండపం దగ్గర కొలత, ముందు రాత్రి డోసు గురించి డాక్టరుని ఏమడగాలి అన్నవి చూద్దాం.